కాలిఫోర్నియాలో హైడ్రోజన్ కారు: కొన్నవారి చరిత్ర

హైడ్రోజన్‌తో నడిచే కారును సామాన్య గృహస్థుడు షోరూముకు వెళ్ళి కొనుక్కోగలిగిన చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. జపాన్, దక్షిణ కొరియా, ఐరోపాలోని కొన్ని నగరాలు, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం ప్రధానంగా ఆ కోవలోకి వస్తాయి. వీటిలో కాలిఫోర్నియా అనుభవానికి ప్రత్యేకమైన విలువ ఉంది. ఎందుకంటే అక్కడ ప్రభుత్వం చట్టాలు చేసింది, కంపెనీలు మంచి కార్లు తయారుచేశాయి, ప్రజాధనంతో బంకులు కట్టారు, దేశం మొత్తంమీద అమ్ముడైన సుమారు 18 వేల కార్లలో దాదాపు అన్నీ ఆ ఒక్క రాష్ట్రంలోనే తిరిగాయి. ఇన్ని సమకూరినా, 2024 నాటికి ఆ కార్లు కొన్నవారిలో చాలామంది ఇంధనం కోసం ఊళ్ళు తిరగవలసి వచ్చింది. యంత్రం చెడిపోయి ఈ స్థితి రాలేదు. కారు అమ్మినవారొకరు, బంకు నడిపినవారొకరు, హైడ్రోజన్ తయారుచేసినవారు మరొకరు కాగా, కొన్న మనిషికి రోజూ ఇంధనం అందించే బాధ్యత ఎవరిదో తేల్చకుండానే అమ్మకాలు సాగిపోవడం వల్ల వచ్చింది.

ఈ కారులో హైడ్రోజన్‌ను పెట్రోలులా మండించరు. బండిలో ఉండే ఫ్యూయెల్ సెల్ అనే పరికరం, అంటే మన పాఠ్యపుస్తకాలు ఇంధన ఘటం అని పిలిచేది, హైడ్రోజన్‌ను గాలిలోని ఆక్సిజన్‌తో కలిపి నేరుగా విద్యుత్తును పుట్టిస్తుంది. పలుచని ప్లాస్టిక్ లాంటి పొరకు ఒక పక్కన ప్లాటినం పూత మీద హైడ్రోజన్ అణువు ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ప్రోటాన్లు పొరలోంచి అవతలికి పోగలవు కాని ఎలక్ట్రాన్లు పోలేవు కనుక అవి తీగల గుండా చుట్టు తిరిగి వెళ్తాయి, ఆ ప్రవాహమే మోటారును నడుపుతుంది. అవతలి పక్కన రెండూ ఆక్సిజన్‌తో కలిసి నీరవుతాయి. ఒక్కో ఘటం ఇచ్చేది ఒక వోల్టు కంటే తక్కువ కాబట్టి వందల ఘటాలను పుస్తకంలో పుటల్లా పేర్చి ఒక దొంతర చేస్తారు. టయోటా మొదటి మిరాయ్ కారు దొంతరలో 370 ఘటాలున్నాయి. ప్రతి కిలో హైడ్రోజన్‌కు దాదాపు 9 కిలోల నీరు తయారవుతుంది, పొగ గొట్టం నుంచి వచ్చేది అదొక్కటే.

సూత్రం కొత్తది కాదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త క్రిస్టియన్ షోన్‌బైన్, వేల్స్‌కు చెందిన న్యాయవాది, భౌతిక శాస్త్రజ్ఞుడు విలియం గ్రోవ్ 1838-39 ప్రాంతంలోనే ఈ ప్రక్రియను గమనించారు. గ్రోవ్ 1842లో దాన్ని వాయు బ్యాటరీగా రూపొందించాడు. ఇంగ్లండులో ఇంజనీరు ఫ్రాన్సిస్ బేకన్ 1932 నుంచి పట్టుదలగా పనిచేసి 1959లో 5 కిలోవాట్ల ఘటాన్ని చూపించాడు. ఆ తర్వాతి దశాబ్దంలో అమెరికా అంతరిక్ష సంస్థ ఈ పరికరాన్ని తలకెత్తుకుంది. 1965లో జెమిని 5 నౌకలో జనరల్ ఎలక్ట్రిక్ తయారుచేసిన పొర రకం ఘటాలు విద్యుత్తును, చంద్రుడి మీదికి వెళ్ళిన అపోలో నౌకల్లో బేకన్ పద్ధతిని అనుసరించిన క్షార ఘటాలు విద్యుత్తుతోపాటు వ్యోమగాములు తాగడానికి నీటిని కూడా సమకూర్చాయి. అంతరిక్షంలో ఇంధనం ఎంత ఖరీదైనా చెల్లుతుంది, దాన్ని తెచ్చిపెట్టే వ్యవస్థ ప్రయోగంలో భాగంగానే ఉంటుంది. నేలమీద కారుకు ఆ రెండు సౌకర్యాలూ లేవు.

1966లో జనరల్ మోటార్స్ సంస్థ ఎలక్ట్రోవ్యాన్ పేరుతో ప్రపంచంలోనే మొదటి ఫ్యూయెల్ సెల్ మోటారు వాహనాన్ని తయారుచేసింది. ఆరుగురు కూర్చోవలసిన వ్యానులో యూనియన్ కార్బైడ్ తయారుచేసిన 32 ఘటాల మాడ్యూళ్ళు, ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ తొట్లు, వందల అడుగుల గొట్టాలు అమర్చేసరికి ఇద్దరికే చోటు మిగిలింది, బరువు మూడు టన్నులు దాటింది. భద్రత దృష్ట్యా దాన్ని కంపెనీ ఆవరణలోనే నడిపారు తప్ప ఎవరికీ అమ్మే ఆలోచన చేయలేదు.

హైడ్రోజన్ కారుతో కాపురం చేసిన మొదటి మనిషి అని చెప్పదగినవాడు కార్ల్ కోర్డెష్. వియన్నాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికా చేరి, ఒహాయో రాష్ట్రంలో యూనియన్ కార్బైడ్ ప్రయోగశాలలో పనిచేసిన ఈ శాస్త్రవేత్త, నేడు గోడ గడియారాల్లో వాడే ఆల్కలైన్ బ్యాటరీ రూపకర్తల్లో ఒకడు. 1970లో తన ఆస్టిన్ ఎ40 కారులో 6 కిలోవాట్ల క్షార ఘటాన్ని, దానికి తోడుగా మామూలు సీసపు బ్యాటరీలను అమర్చి, పైకప్పు మీద ఆరు హైడ్రోజన్ సిలిండర్లు పెట్టుకుని సుమారు మూడేళ్ళపాటు ప్రజల రోడ్ల మీద నడిపాడు. ఒక్కసారి నింపితే దాదాపు 300 కిలోమీటర్లు వెళ్ళేది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు క్షార ద్రవాన్ని పాడుచేస్తుంది కాబట్టి దాన్ని వడకట్టే సున్నపు పెట్టెను అమర్చాడు. బండి ఆపినప్పుడు ఘటంలోంచి ద్రవాన్ని బయటికి తీసి, మళ్ళీ బయలుదేరేటప్పుడు నింపే ఏర్పాటు చేసుకున్నాడు. ఈ ప్రయోగం నిలబడడానికి కారణం స్పష్టమే: కారు, సిలిండరు, మరమ్మతు, విజ్ఞానం నాలుగూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. తర్వాత కొన్నవారెవరికీ ఆ అదృష్టం దక్కలేదు.

క్షార ఘటాలను వదిలి పొర ఘటాలవైపు లోకం మళ్ళడానికి కెనడాలోని వాంకూవర్ పక్కన 1979లో జెఫ్రీ బల్లార్డ్ స్థాపించిన సంస్థ కారణం. కెనడా రక్షణ శాఖ 1983లో ఇచ్చిన కాంట్రాక్టుతో బల్లార్డ్ బృందం, జనరల్ ఎలక్ట్రిక్ దాదాపు పక్కన పెట్టేసిన పొర రకాన్ని మళ్ళీ చేపట్టి, తక్కువ చోటులో ఎక్కువ శక్తి పుట్టేలా చేసింది. అదే కాలంలో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల శాస్త్రవేత్తలు అవసరమైన ప్లాటినాన్ని దాదాపు పదో వంతుకు తగ్గించే పద్ధతి కనుగొన్నారు. ఈ రెండూ కలిస్తేనే కారు సాధ్యమైంది. 1994లో డైమ్లర్ బెంజ్ బల్లార్డ్ ఘటాలతో నడిపిన వ్యానులో వెనక భాగమంతా యంత్రాలే నిండి ఉండగా, 1999 నాటి నాలుగో నమూనాలో అవే యంత్రాలు చిన్న కారు నేల కింద ఒదిగిపోయాయి. అయిదేళ్ళలో వచ్చిన ఆ మార్పు చూసి ఇంజనీర్లకే కాదు, పాలకులకూ ధైర్యం వచ్చింది.

ఆ పాలకులు కాలిఫోర్నియాలో ఉండడం యాదృచ్ఛికం కాదు. కొండల మధ్య గిన్నెలా ఉన్న లాస్ ఏంజలెస్ నగరం దశాబ్దాలుగా పొగమంచు లాంటి వాహన కాలుష్యంతో ఉక్కిరిబిక్కిరి అవుతూ వచ్చింది. రాష్ట్ర వాయు వనరుల మండలి 1990లో, పెద్ద కార్ల కంపెనీలు 1998 నాటికి తాము అమ్మే కార్లలో 2 శాతం, 2003 నాటికి 10 శాతం ఏమాత్రం పొగ వదలనివి అయి ఉండాలని ఆదేశించింది. కంపెనీల ఒత్తిడితో ఆ గడువులు సడలినా ఆదేశం మాత్రం రద్దు కాలేదు. ఒక్కో కారుకు ఇన్ని క్రెడిట్లు అని లెక్క కట్టి, దూరం ఎక్కువ వెళ్ళి త్వరగా ఇంధనం నింపుకునే బండికి ఎక్కువ క్రెడిట్లు ఇవ్వడంతో, బ్యాటరీ కారు కంటే హైడ్రోజన్ కారు కాగితం మీద లాభసాటిగా కనిపించింది. కొన్ని వందల కార్లు తయారుచేసినా ఆదేశాన్ని పాటించినట్టు లెక్క చూపగలిగే వెసులుబాటు కంపెనీలకు దొరికింది. కొనేవారి అవసరం కంటే ఈ లెక్కే ఆ కార్ల పుట్టుకకు బలమైన కారణమని గ్రహిస్తే తర్వాత జరిగింది సులభంగా అర్థమవుతుంది.

1999లో కార్ల కంపెనీలు, చమురు కంపెనీలు, ప్రభుత్వ శాఖలు కలిసి కాలిఫోర్నియా ఫ్యూయెల్ సెల్ పార్ట్‌నర్‌షిప్ అనే సంఘంగా ఏర్పడ్డాయి. 2003 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్ హైడ్రోజన్ కార్ల పరిశోధనకు 120 కోట్ల డాలర్లు ప్రకటించాడు. 2004 ఏప్రిల్‌లో గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ డేవిస్ విశ్వవిద్యాలయంలో ఒక ఉత్తర్వు మీద సంతకం చేసి, 2010 నాటికి రాష్ట్ర ప్రధాన రహదారుల వెంట హైడ్రోజన్ దొరికేలా చేస్తానని మాట ఇచ్చాడు. ఆ మాట నెరవేరలేదు. 2018 జనవరిలో గవర్నరు జెర్రీ బ్రౌన్ 2025 నాటికి 200 బంకులని మరో లక్ష్యం ప్రకటించాడు. అదీ నెరవేరలేదు, ప్రజలకు తెరిచిన బంకుల సంఖ్య ఆ గడువు నాటికి లక్ష్యంలో మూడో వంతుకు కూడా చేరలేదు.

ఈలోగా కార్లు రాసాగాయి. 2002 డిసెంబరులో హోండా తన ఎఫ్‌సీఎక్స్ కారును లాస్ ఏంజలెస్ నగరపాలక సంస్థకు లీజుకిచ్చింది, 2005లో మొదటిసారి ఒక కుటుంబానికి ఇచ్చింది. 2008లో వచ్చిన ఎఫ్‌సీఎక్స్ క్లారిటీని మూడేళ్ళ లీజు మీద, నెలకు 600 డాలర్లకు ఇచ్చారు. మరమ్మతు ఖర్చు అందులోనే కలిసి ఉండేది. అయితే డబ్బు కట్టగలవారందరికీ కారు ఇవ్వలేదు. టోరెన్స్, శాంటా మోనికా, ఇర్వైన్ వంటి, అప్పటికే బంకులున్న ఊళ్ళకు దగ్గరలో నివసించేవారినే ఎంపిక చేశారు. లీజు ముగిశాక కారును తిరిగి అప్పగించవలసిందే, సొంతం చేసుకునే వీలు లేదు. ఈ నిబంధన కొందరికి కష్టంగా తోచినా, వెనుదిరిగి చూస్తే ఆ కాలమే కొన్నవారికి అత్యంత సురక్షితమైన కాలం: ఇంధనం ఎక్కడ దొరుకుతుందో చూసి మరీ కారు ఇచ్చారు, రిస్కు అంతా కంపెనీ భరించింది.

ఆ ఏర్పాటు 2015లో మారింది. అంతకు ముందు ఏడాది హ్యుందాయ్ టూసాన్ కారును నెలకు 499 డాలర్ల లీజుకు, హైడ్రోజన్ ఉచితంగా ఇచ్చింది. 2014 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన టయోటా మిరాయ్ 2015 అక్టోబరులో కాలిఫోర్నియాకు వచ్చింది. 57,500 డాలర్ల ధర చెల్లిస్తే బండి కొన్నవారి సొంతమే. రాష్ట్ర, కేంద్ర ప్రోత్సాహకాలు కలిపి 13 వేల డాలర్ల వరకు తగ్గేవి; ఒక్కరే ప్రయాణిస్తున్నా, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళే కార్లకు కేటాయించిన వరుసలో పోనిచ్చే స్టిక్కరు దొరికేది, రోజూ గంటల తరబడి ట్రాఫిక్‌లో గడిపేవారికి అది చిన్న వరం కాదు. రెండు టాంకుల్లో సుమారు 5 కిలోల హైడ్రోజన్‌తో 312 మైళ్ళు, అంటే 502 కిలోమీటర్లు వెళ్ళేది. 2021 మోడల్‌గా అమెరికాకు వచ్చిన రెండో మిరాయ్ 5.6 కిలోలతో 402 మైళ్ళు వెళ్తుందని ప్రభుత్వ పరీక్షలో తేలింది. శబ్దం లేకుండా, కుదుపు లేకుండా నడిచే ఈ కార్లను, వాటి నాణ్యతను యజమానులు చివరిదాకా మెచ్చుకున్నారు.

కారుతోపాటు కంపెనీ ఒక కార్డు ఇచ్చేది. అందులో మూడేళ్ళలో ఖర్చు పెట్టుకోవడానికి 15,000 డాలర్ల విలువైన ఇంధనం ఉండేది. తర్వాతి కాలంలో కొన్నవారికి గడువును ఆరేళ్ళకు పెంచారు. అమ్మకాలకు ఊపిరి పోసింది ఈ కార్డే, అసలు లోపాన్ని కప్పిపుచ్చిందీ ఈ కార్డే. అప్పట్లో కిలో హైడ్రోజన్ 13 నుంచి 16 డాలర్లు ఉండేది. ఒక కిలో హైడ్రోజన్‌లో ఉండే శక్తి దాదాపు ఒక గ్యాలను పెట్రోలులో ఉండేదానికి సమానం కాబట్టి, పెట్రోలు కంటే అది ఎన్నో రెట్లు ఖరీదు. అయినా జేబులోంచి పైసా కదలడం లేదు కనుక ఆ ధరను ఎవరూ ధరగా చూడలేదు. మామూలు సరుకు విషయంలో కొనేవాడు బేరమాడతాడు, ధర పెరిగితే అడుగుతాడు, ఆ ఒత్తిడి అమ్మేవాడిని అదుపులో ఉంచుతుంది. ఉచిత కార్డు వల్ల ఆ ఒత్తిడి పుట్టనే లేదు.

బంకు దగ్గర అనుభవాన్ని కాస్త దగ్గరగా చూడాలి. కాలిఫోర్నియాలో హైడ్రోజన్ పంపు చాలావరకు మామూలు పెట్రోలు బంకు ఆవరణలోనే, ఒక మూలన, పనివాడెవరూ లేకుండా ఉంటుంది. కారు యజమాని కార్డు గీకి, లావుపాటి గొట్టం చివరనున్న నాజిల్‌ను బండి మూతి మీద గట్టిగా ఆనించి మీటను నొక్కితే అది గాలి చొరబడకుండా బిగుసుకుంటుంది. నాజిల్‌కు, కారుకు మధ్య పరారుణ కిరణాల ద్వారా టాంకులో పీడనం, ఉష్ణోగ్రత ఎంతున్నాయో సమాచారం సాగుతుంది. వేగంగా నింపితే వాయువు వేడెక్కుతుంది కాబట్టి హైడ్రోజన్‌ను ముందుగానే సున్నాకు దిగువన 40 డిగ్రీల దాకా చల్లబరిచి, 700 బార్ల పీడనంతో, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి సుమారు 700 రెట్లతో, లోపలికి పంపుతారు. అన్నీ సవ్యంగా ఉంటే అయిదు నిమిషాల్లో పని ముగుస్తుంది. కాని వెంటవెంటనే మూడు నాలుగు కార్లు వస్తే కంప్రెసర్ అందుకోలేక పీడనం తగ్గుతుంది, తర్వాత వచ్చినవారికి టాంకు సగమో ముప్పాతికో నిండుతుంది. వరుసగా కార్లు నింపినప్పుడు ఆ చలికి గాలిలోని తేమ నాజిల్ చుట్టూ మంచుగా గట్టిపడి, అది కారు మూతికి అతుక్కుపోతుంది. మంచు కరిగేదాకా ముందున్నవారు కదలలేరు, వెనకున్నవారు నింపుకోలేరు. అందుకే ఇంటినుంచి బయలుదేరే ముందు ఏ బంకు పనిచేస్తోందో, ఎందులో ఎన్ని కిలోలు మిగిలాయో చూపించే పటాన్ని ఫోనులో చూసుకోవడం ప్రతి యజమానికీ నిత్యకృత్యమైంది.

బంకుల భౌగోళికం కూడా జీవితాన్ని నిర్ణయించింది. దాదాపు అన్నీ లాస్ ఏంజలెస్ చుట్టుపక్కల, శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం ప్రాంతంలో పోగుపడ్డాయి. రెంటి మధ్యనున్న సుమారు 380 మైళ్ళ దారిలో, చాలాకాలం కోలింగా ఊరి దగ్గర హారిస్ రాంచ్ బంకే దిక్కు. అది మూతపడిన రోజున ఉత్తర, దక్షిణ కాలిఫోర్నియాల మధ్య హైడ్రోజన్ కారుకు దారి మూసుకుపోయినట్టే. రాష్ట్రం దాటి నెవాడాకో అరిజోనాకో వెళ్ళాలంటే ఈ కారు పనికిరాదు. ఈ సంగతి టయోటాకూ తెలుసు, అందుకే దూర ప్రయాణాల కోసం మూడేళ్ళలో 21 రోజులపాటు మరో కారును అద్దెకు ఉచితంగా ఇచ్చింది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో నివసించే ఫ్రీమాంట్, శాన్ హోజే, సన్నీవేల్ పట్టణాలు ఈ బంకుల ప్రాంతంలోనివే; సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం రోజూ అవే రహదారుల మీద ప్రయాణించేవారికి ఉచిత ఇంధనం, ప్రత్యేక వరుస రెండూ ఎంత ఆకర్షణీయంగా ఉండేవో వేరే చెప్పనక్కరలేదు.

ఈ సరఫరా ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో 2019 వేసవిలో బయటపడింది. మే 23న దక్షిణ కొరియాలోని గాంగ్‌నంగ్‌లో ఒక పరిశోధనా కేంద్రపు హైడ్రోజన్ టాంకు పేలి ఇద్దరు మరణించారు. జూన్ 1న కాలిఫోర్నియాలోని శాంటా క్లారాలో, ట్రైలర్లలో హైడ్రోజన్ నింపే కేంద్రంలో పేలుడు జరిగింది. జూన్ 10న నార్వేలోని సాండ్‌వికాలో ఒక బంకే పేలింది. 1937లో హిండెన్‌బర్గ్ విమాన నౌక మంటల్లో కూలినప్పటి నుంచి జనం మనసులో ఉన్న భయం మళ్ళీ తలెత్తింది. నిజానికి ఈ మూడు ప్రమాదాల్లో ఒక్క కారు టాంకు కూడా లేదు. కార్బన్ నార చుట్టిన ఆ టాంకులు తుపాకీ గుండు పరీక్షలను కూడా తట్టుకున్నవి, వాయువు కారినా గాలికంటే చాలా తేలిక కనుక క్షణాల్లో పైకి చెదిరిపోతుంది. శాంటా క్లారాలో ఎవరికీ గాయాలు కాలేదు. అయినా ఆ ఒక్క కేంద్రం ఆగిపోవడంతో అఖాతం ప్రాంతపు బంకులు నెలల తరబడి ఎండిపోయాయి, వేల డాలర్ల కార్లు ఇళ్ళ ముందు కదలకుండా నిలిచాయి. ఒకే కేంద్రం మీద అంతటి ప్రాంతాన్ని ఆధారపడనివ్వడం ప్రణాళిక కర్తల తప్పిదమని చెప్పడానికి సంకోచించనక్కరలేదు.

పేలుడు కంటే పెద్ద దెబ్బ ధర రూపంలో వచ్చింది. కాలిఫోర్నియాలో తక్కువ కర్బన ఇంధనం అమ్మేవారికి ప్రభుత్వం క్రెడిట్లు ఇస్తుంది, వాటిని చమురు కంపెనీలు కొంటాయి. బంకుల ఆదాయంలో ఇవి ముఖ్యమైన భాగం. 2020లో ఒక్కో క్రెడిట్ 200 డాలర్ల దగ్గర పలికింది, 2023 నాటికి 80 డాలర్ల కిందికి పడిపోయింది. సహజవాయువు ధరలు, రవాణా, బంకుల మరమ్మతు ఖర్చులు అదే సమయంలో పెరిగాయి. ఫలితంగా 2023లో చాలా బంకుల్లో కిలో హైడ్రోజన్ ధర 36 డాలర్లకు చేరింది. రెండో మిరాయ్ టాంకు నింపితే 200 డాలర్లు దాటుతుంది, మైలుకు దాదాపు 50 సెంట్లు పడుతుంది. పెట్రోలు గ్యాలను 5 డాలర్లు అనుకున్నా, గ్యాలనుకు 50 మైళ్ళు ఇచ్చే హైబ్రిడ్ కారుకు మైలుకు 10 సెంట్లే. కిలో 16 డాలర్లున్నప్పుడు 67 వేల మైళ్ళ దాకా వచ్చే 15,000 డాలర్ల కార్డు, 36 డాలర్ల దగ్గర 30 వేల మైళ్ళకే అయిపోతుంది. కారు వాయిదాలు మిగిలి ఉండగానే కార్డు ఖాళీ అయిన కుటుంబానికి అప్పుడు మొదటిసారిగా ఇంధనం అసలు ధర తెలిసివచ్చింది.

2024 ఫిబ్రవరిలో షెల్ కంపెనీ కాలిఫోర్నియాలో కార్లకోసం నడిపిన తన ఏడు హైడ్రోజన్ బంకులను శాశ్వతంగా మూసేసింది. అదే కాలంలో మిగిలిపోయిన కొత్త మిరాయ్ కార్ల మీద 40 వేల డాలర్ల దాకా తగ్గింపు ప్రకటించారు, పైగా ఇంధన కార్డు యథాతథం. చవక చూసి కొత్తగా కొన్నవారు కూడా అవే బంకుల ముందు క్యూ కట్టారు. సెకండ్ హ్యాండ్ మార్కెట్లో కొన్నేళ్ళ కిందటి మిరాయ్ పదివేల డాలర్ల లోపుకే దొరకసాగింది, కాని ఆ ధరకు కొన్నవారికి కార్డు రాదు. కొందరు యజమానులు ఆ ఏడాది కోర్టును ఆశ్రయించారు. అప్పు మిగిలింది, బండి విలువ పోయింది, నింపుకోవడానికి చోటు లేదు. ఈ నష్టంలో పెద్ద భాగం ప్రయోగాన్ని ఆదేశించిన ప్రభుత్వం మీద గాని, అమ్మిన సంస్థల మీద గాని పడలేదు. పర్యావరణానికి మేలు చేద్దామన్న సదుద్దేశంతో ముందుకొచ్చినవారి మీద పడింది. ఇది అన్యాయం.

పర్యావరణ లాభం మాట కూడా విచారించదగినదే. కాలిఫోర్నియా బంకులకు వచ్చిన హైడ్రోజన్‌లో గణనీయమైన భాగం సహజవాయువును ఆవిరితో విడగొట్టి తీసింది, ఆ ప్రక్రియలో బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. రాష్ట్రం 2006లో చేసిన చట్టం కనీసం మూడో వంతు పునరుత్పాదక వనరుల నుంచి రావాలని మాత్రమే చెప్పింది. నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీయాలంటే కిలోకు 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. అదే కరెంటును నేరుగా బ్యాటరీ కారులో నింపితే రెండు మూడు రెట్ల దూరం పోవచ్చు. బ్యాటరీ కారు కొన్నవారికి ఇంటి గోడమీద ఉన్న ప్లగ్గే బంకు. అది ఎవరో నడిపే వ్యాపారం మీద ఆధారపడదు. హైడ్రోజన్ కారు ఓడింది ఇంజనీరింగు పోటీలో కంటే ఎక్కువగా ఇక్కడే.

ఈ నిజాన్ని కంపెనీలే చివరికి ఒప్పుకున్నాయి. 2021లో క్లారిటీ తయారీని ఆపేసిన హోండా, 2024లో ఒహాయో రాష్ట్రంలోని మేరీస్‌విల్‌లో తయారుచేసి కాలిఫోర్నియాలో లీజుకిచ్చిన సీఆర్-వీ ఈ:ఎఫ్‌సీఈవీ కారులో హైడ్రోజన్ టాంకులతోపాటు 17.7 కిలోవాట్ అవర్ల బ్యాటరీని, ఇంట్లో చార్జి చేసుకునే ప్లగ్గును కూడా పెట్టింది. బంకు మూసి ఉన్న రోజున 29 మైళ్ళు కరెంటుతో పోవచ్చు. పైకప్పు మీద సిలిండర్లు మోసుకుతిరిగిన కోర్డెష్ కూడా తన ఆస్టిన్ కారులో ఘటానికి తోడు బ్యాటరీ పెట్టుకున్నాడని గుర్తుచేసుకుంటే, యాభై ఏళ్ళకు పైబడిన తర్వాత కారు తిరిగి అదే పద్ధతికి వచ్చిందని చెప్పవచ్చు.

భారతదేశంలో ఈ కారు ఇంకా ప్రదర్శన దశ దాటలేదు. 2022 మార్చి 30న కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ మిరాయ్ కారులో పార్లమెంటుకు వచ్చారు. 2023 జనవరిలో 19,744 కోట్ల రూపాయలతో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ప్రధానంగా ఎరువులు, శుద్ధి కర్మాగారాలు, ఉక్కు, భారీ రవాణా మీద దృష్టి పెట్టింది. హైదరాబాదు బాలాపూర్‌లోని కేంద్ర పరిశోధనా సంస్థ ఏఆర్‌సీఐ తన ఫ్యూయెల్ సెల్ కేంద్రాన్ని చెన్నైలో నడుపుతోంది. 2025 జనవరి 8న విశాఖపట్నంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేసిన పూడిమడక హైడ్రోజన్ కేంద్రం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యంతో, దాని నుంచి తీసే మెథనాల్, యూరియా, విమాన ఇంధనాల ఎగుమతి కోసం రూపొందింది. ఒకే చోట తయారై, అక్కడికక్కడే లేదా ఓడల్లో పోయే ఇటువంటి వాడకంలో సరఫరా బాధ్యత ఎవరిదన్న ప్రశ్న మొదటి రోజే తేలుతుంది. బస్సులు, లారీల డిపోలకూ అంతే. గృహస్థుల కార్ల కంటే వీటిని ముందు పెట్టడం సరైన నిర్ణయమే.

కాలిఫోర్నియాలో ఇప్పటికే కార్లు కొన్నవారికి మాత్రం మరో గడువు ఎదురుగా ఉంది. మిరాయ్ ఇంధనపు మూత తెరిస్తే లోపల ఒక చీటీ కనిపిస్తుంది; అధిక పీడన టాంకులకు తయారైన నాటినుంచి 15 ఏళ్ళ ఆయుష్షు కట్టి, ఏ నెల, ఏ సంవత్సరం తర్వాత వాటిలో ఇంధనం నింపకూడదో దాని మీద అచ్చు వేసి ఉంటుంది. 2015లో అమ్మిన మొదటి కార్ల విషయంలో ఆ తేదీ 2030 ప్రాంతంలో వస్తుంది. అప్పటికి బంకులు ఎన్ని మిగిలినా, టాంకులు మార్చనిదే ఆ కార్లలో హైడ్రోజన్ నింపరాదు.